తనిఖీ రోజుకు తెచ్చిన పేషెంట్లు

నర్సింగులో సీటు వచ్చిందని మా గల్లీలో ఏ పిల్లయినా మిఠాయి తెచ్చి ఇస్తే ముందు మిఠాయి నోట్లో వేసుకుంటాను. తర్వాత అడుగుతాను, మీ కాలేజీకి ఆసుపత్రి ఎక్కడుందమ్మా అని. చాలామంది బిత్తరపోతారు. కాలేజీ ఎక్కడుందో మాత్రం గబగబా చెప్తారు. కింద చీరల దుకాణం, దాని మీద ట్యూషన్ సెంటరు, ఆ పైన కాలేజీ. లిఫ్టు ఉందని కూడా చెప్తారు. ఆసుపత్రి సంగతి ప్రిన్సిపాల్ మేడమ్‌కు తెలుసంటారు.

ఆ మేడమ్‌లకు ఏం తెలుసో నాకు బాగా తెలుసు. సూరత్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరి, మగవాళ్ల వార్డుకు ఇన్‌ఛార్జి సిస్టర్‌గా రిటైరయ్యాను. ఆసుపత్రి పేరు చెప్పను. చెప్పినా మీకు లాభం లేదు, అలాంటివి ఇంకా ఉన్నాయి. చేరబోయే పిల్లలు ఒక్క రోజు సంగతి విని చేరితే చాలు.

ముందు నా గురించి కొంచెం. మా నాయన సిరిసిల్ల వైపు నుంచి సాంచాల మీద పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చాడు. ఇక్కడ మరమగ్గాన్ని మన వాళ్లు సాంచ అనే అంటారు. నేను సూరత్‌లోనే, లింబాయత్ బస్తీలో పుట్టి, తెలుగు బడిలో చదివి, తర్వాత సర్కారు ఆసుపత్రి వాళ్ల నర్సింగు స్కూల్లో చేరాను. మిగతా చదువంతా లైబ్రరీ పెట్టిన భిక్షే. డ్యూటీ దిగి, బస్సు ఎక్కకుండా లైబ్రరీకి నడిచేదాన్ని. తెలుగు పుస్తకాలు ఒకే ఒక బీరువా. అది అయిపోయాక గుజరాతీ, అదీ చాలక డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లిష్. నర్సింగు పాతకాలంలో ఎలా ఉండేదో, ఏ దేశంలో ఎలా మొదలైందో అన్నీ అక్కడే చదివాను. మా డాక్టర్లలో కొందరికి తెలియని సంగతులు నాకు తెలుసు, ఆ మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు. ఆ పుస్తకాలన్నీ తిరిగి తిరిగి చెప్పింది ఒకటే మాట. నర్సు మొదటి పని మనిషిని చూడటం. సూది, మాత్ర, బ్యాండేజీ అన్నీ దాని తర్వాత.

నా వార్డులో ఒకే రకం తెల్లబట్టల్లో మూడు రకాల నర్సులు ఉండేవాళ్లు. ఒకామె డాంగ్ అడవుల వైపు నుంచి వచ్చి సర్కారు స్కూల్లో చదివిన మనిషి. మాట తక్కువ. మంచం దగ్గరికి వచ్చిందంటే పేషెంటు మొహం, గోళ్లు, దుప్పటి, మంచం కింద డబ్బా, అన్నీ ఒక్కసారి చూసి కానీ నోరు విప్పేది కాదు. రెండో రకం డిగ్రీ పిల్లలు. పరీక్షకు ముందు గైడు బట్టీపట్టి పాసైనవాళ్లు. ఏ జబ్బుకైనా లక్షణాలు వరసగా ఒప్పజెప్తారు, జబ్బు మనిషి ఎదురుగా ఉంటే మాత్రం పక్కకు తప్పుకుని దారి ఇస్తారు. మూడో రకం ఏ చదువూ లేకుండా ఏదో హెల్త్ సెంటరులో కాగితం తెచ్చుకున్నవాళ్లు. పేషెంట్లకు తేడా తెలియదు, అందరినీ సిస్టర్ అనే పిలుస్తారు. మా యాజమాన్యానికి తేడా తెలుసు. తెలుసు కాబట్టే మూడో రకాన్ని ఎక్కువ తీసుకునేది, జీతం తక్కువ కదా.

రెండో రకాన్ని తయారుచేసే ఫ్యాక్టరీ మాకు చాలా దగ్గర. చీరల దుకాణం మీద ఒక నర్సింగు కాలేజీ ఉండేది. దాని ట్రస్టీ, మా ఆసుపత్రి యజమాని వియ్యంకులు. కాగితం మీద మా ఆసుపత్రి వాళ్ల కాలేజీకి బోధనాసుపత్రి. ఆ పిల్లలు మా వార్డుల్లో పని నేర్చుకుంటున్నట్టు లెక్క. నేను ఆ పిల్లలను ఏడాదికి ఒక్కసారి చూసేదాన్ని, తనిఖీకి.

తనిఖీ అంటే కాలేజీ ఎలా నడుస్తుందో చూడటానికి పైనుంచి పెద్దవాళ్లు వస్తారు. మంచాలు నిండాలి, పేషెంట్లుండాలి, పిల్లలు వాళ్లకు సేవ చేస్తూ ఉండాలి. మా వార్డులో సగం మంచాలు ఎప్పుడూ ఖాళీయే. ఖాళీ మంచాలను నింపే పని ముకద్దం చేసేవాడు. ముకద్దం అంటే సాంచాల కార్ఖానాలకు కూలీలను తెచ్చే మేస్త్రీ. రాత్రి షిఫ్టు దిగి వచ్చే మనుషులను టెంపోలో ఎక్కించుకుని వచ్చి మంచాల మీద పడుకోబెట్టేవాడు. ఒక రోజు కూలి, మధ్యాహ్నం భోజనం, పైగా ఫ్యాను కింద నిద్ర. ఊరంతటికీ తెలిసిన పద్ధతే. వడోద్, ఉన్ బస్తీల నుంచి, మా లింబాయత్ నుంచి పోటీపడి వచ్చేవాళ్లు. నిద్రపోయినందుకు కూలి ఇచ్చే పని ఇంకెక్కడ దొరుకుతుంది?

నేను చెప్పబోయే ఆ ఏడాది తనిఖీ రోజు పొద్దున నేను డ్యూటీ ఎక్కేసరికి వార్డు పెళ్లి పందిరిలా ఉంది. కొత్త దుప్పట్లు, కొత్త కర్టెన్లు. ఎమర్జెన్సీ ట్రేలో మందుల పెట్టెలు రంగుల వారీగా సర్ది, మీద పేర్లు అంటించారు. గోడకు పేషెంటు హక్కుల పట్టిక. పేషెంట్లే అద్దెవాళ్లు, హక్కులు మాత్రం సొంతం.

కిటికీ పక్క మంచం మీద నుంచి ఒకతను లేచి కూర్చుని నవ్వాడు. మా గల్లీ చివరి ఇంట్లో ఉండే మనిషి, సాంచాల మీద పని, పెళ్లాం ఇంట్లో చీరలకు జరీ అంచులు కుడుతుంది, ఇద్దరు ఆడపిల్లలు.

“అక్కా, నువ్వు ఈడ్నే పన్జేస్తవా? నాకు ఎర్కే లేదు,” అన్నాడు.

“నీకేం జబ్బు?” అన్నాను, తెలిసీ.

“శక్కర్ బీమారట. ఐదేండ్ల సంది ఉన్నదట. కాలేజీ మేడమ్ మంచిగ నేర్పింది. ఎవలన్న అడిగితే గిట్లనే చెప్పాలె.” తలకింద దిండు సర్దుకున్నాడు. “చెప్పుడయినంక పండుకోవచ్చట.”

ఏమైనా తిన్నావా అని అడిగాను. షిఫ్టు దిగి నేరుగా టెంపో ఎక్కానని, చాయ్ తాగానని, భోజనం మధ్యాహ్నం పెడతారని చెప్పి, నేను ఇంకో మాట అనేలోపు దుప్పటి ముసుగేశాడు. రాత్రంతా సాంచాల మోతలో నిలబడ్డ మనిషి పడుకుంటే రాయి పడ్డట్టే.

కాసేపటికి ఫ్యాక్టరీ సరుకు దిగింది, అంటే కాలేజీ పిల్లలు. ఇస్త్రీ మడతలు విప్పని యూనిఫారాలు. వాళ్ల వెంట ప్రిన్సిపాల్. ఆమె పట్టుచీర కట్టుకుని, సెంటు కొట్టుకుని వార్డులోకి వచ్చేది. సెంటు వాసన వచ్చిందంటే తనిఖీ ఉందని మా ఆయాలు కూడా చెప్పేసేవాళ్లు. ఒక్కో మంచానికి ఒక్కో పిల్లను నిలబెట్టి, మంచానికి ఒక కేస్ షీట్ తగిలించింది. ఆ షీట్లు కాలేజీ టీచర్లు పుస్తకం ముందు పెట్టుకుని రాసినవి. చేతిరాత ముత్యాల్లా ఉంది. జబ్బు, బరువు, బీపీ, ఏ మందు ఎంత, అన్నీ ఉన్నాయి. మా డాక్టర్లు జన్మలో అంత చక్కగా రాయలేదు. నిజంగా చేసినట్టే చేయాలి, షీట్‌లో ఏది రాసి ఉంటే అది, అని పిల్లలకు గట్టిగా చెప్పి వెళ్లింది. ఒక్కటి మాత్రం చెప్పలేదు. ఈ పేషెంట్లు పేషెంట్లు కారని చెప్పలేదు. తెలిస్తే పెద్దవాళ్ల ముందు నవ్వుతారని ఆమె భయమట. తర్వాత తెలిసింది.

కిటికీ పక్క మంచానికి వచ్చిన పిల్ల రెండో ఏడాది చదువుతోంది. వార్డులో కాలు పెట్టడం ఆమెకు అదే మొదటిసారి. రెండేళ్లలో ఆమె సూది పొడిచింది బత్తాయికి మాత్రమే. కానీ శ్రద్ధ ఉన్న పిల్ల, అదే కొంప ముంచింది. శ్రద్ధ లేని పిల్లలు మంచం పక్కన నిలబడి ఫోను చూసుకున్నారు, వాళ్ల పేషెంట్లు క్షేమంగా నిద్రపోయారు. ఈ పిల్ల షీట్ చదివింది. భోజనానికి ముందు ఇన్సులిన్ అని, ఎంతో కూడా రాసి ఉంది. వార్డు ఫ్రిజ్‌లో అసలు పేషెంట్ల కోసం పెట్టిన ఇన్సులిన్ తీసుకుంది. నిద్రపోతున్న మనిషి చొక్కా కొంచెం పైకెత్తి, దూదితో తుడిచి, పుస్తకంలో చెప్పిన కోణంలో పొడిచి, షీట్‌లో సంతకం పెట్టింది. షిఫ్టు చేసి వచ్చిన మనిషికి దోమ కుట్టినంత కూడా తెలియలేదు. నేను అప్పుడు వార్డు రెండో చివర అసలు పేషెంటుకు డ్రెస్సింగు చేస్తున్నాను.

చక్కెర జబ్బు లేని మనిషి, పొట్ట ఖాళీ, లోపలికి ఇన్సులిన్. నర్సింగు తెలియని వాళ్లకు ఒక్క మాట చెప్తాను. ఆ మందు రక్తంలో చక్కెరను దించుతుంది. ఉండాల్సినంతే ఉన్న మనిషికి ఇంకా దించితే మెదడుకు తిండి ఉండదు. ముందు చెమట, వణుకు, తర్వాత తికమక మాటలు, తర్వాత ఫిట్స్, తర్వాత ఇక లేవడు. నిద్రపోతూ ఉంటే మొదటి మెట్లు ఎవరికీ కనబడవు.

తనిఖీ పెద్దలు ఆలస్యంగా వచ్చారు. యజమాని గదిలో ఫలహారం ఎక్కువసేపు పట్టింది. ఇద్దరు మగవాళ్లు, ఒక మేడమ్. ఒక ఫోటోగ్రాఫరు. వెనక ప్రిన్సిపాల్, ట్రస్టీ, మా యజమాని. మంచం మంచానికి ఆగి, కేస్ షీట్లు చూసి తలలాడిస్తూ కిటికీ పక్కకు వచ్చారు. పేషెంటు మొహం వైపు ఒక్కరూ చూడలేదు. షీట్ అంత బాగుంటే మొహమెందుకు?

వచ్చిన మేడమ్ ఆ పిల్లను ఇంగ్లిష్‌లో అడిగింది, ఇన్సులిన్ ఎక్కువైతే ఏ లక్షణాలు కనబడతాయో చెప్పమని. పిల్ల చేతులు వెనక్కి కట్టుకుని, కళ్లు సీలింగు మీద పెట్టి మొదలుపెట్టింది. చెమటలు, వణుకు, గుండెదడ, చర్మం పాలిపోవడం, తికమక, మాట తడబాటు. వరస తప్పలేదు, ఒక్కటీ వదల్లేదు. మేడమ్ వెరీ గుడ్ అంది. ప్రిన్సిపాల్ పొంగిపోయి ట్రస్టీ వైపు చూసింది.

నేను డ్రెస్సింగు ట్రాలీ తోసుకుంటూ అటు వచ్చింది అప్పుడే. వాళ్ల భుజాల సందులోంచి దిండు కనబడింది. తెల్ల దిండు గలేబు తల చుట్టూ తడిసి బూడిదరంగుకు తిరిగింది. ఫ్యాను నెత్తి మీద తిరుగుతోంది. చొక్కా ఛాతీకి అతుక్కుపోయింది. మొహం సున్నం. దుప్పటి మీద వేళ్లు పోగు అతికిస్తున్నట్టు కదులుతున్నాయి.

ఆ పిల్ల ఒప్పజెప్పిన పాఠం మొత్తం ఆమె మోచేతి పక్కన పడుకుని ఉంది. చుట్టూ అంత చదువు నిలబడి ఉంది. వినడం అందరూ విన్నారు.

ట్రాలీ వదిలేసి వాళ్లను తోసుకుని వెళ్లి భుజం పట్టి ఊపాను. కళ్లు సగం తెరిచాడు, నన్ను గుర్తుపట్టలేదు. “పోగు తెగింది... సాంచ బంద్ చెయ్... బంద్ చెయ్,” అన్నాడు నాలుక మడతపడుతూ.

వచ్చిన పెద్దల్లో ఒకాయన, పేషెంటు ఏ భాష మాట్లాడుతున్నాడని ముచ్చటగా అడిగాడు. నేను పిల్లను అడిగాను, ఇతనికి ఏమైనా సూది ఇచ్చావా అని.

“అవును సిస్టర్. ఇన్సులిన్. షీట్‌లో ఉన్నట్టే,” అంది, మెచ్చుకుంటాననుకుని.

అతని పెళ్లాం మొన్న సాయంత్రం మా గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచిన మనిషి. గ్లూకోజ్ సూది కావాలని అరిచాను. ప్రిన్సిపాల్ నా మోచెయ్యి పట్టుకుని, సెంటు వాసన ముక్కుకు తగిలేంత దగ్గరగా వచ్చి గుజరాతీలో గొణిగింది, “రెండు నిమిషాలాగు. వీళ్లు పక్క వార్డుకు వెళ్లిపోతారు.”

“పక్క వార్డుకు ఇతనే పోతాడు మేడమ్. మార్చురీకి,” అన్నాను అందరికీ వినబడేలా.

ఎమర్జెన్సీ ట్రే తెరిచాను. రంగుల వారీగా సర్దిన పెట్టెలు. డెక్స్ట్రోజ్ అంటే గ్లూకోజే. ఆ పేరు రాసిన పెట్టె తీస్తే తేలిగ్గా వచ్చింది. ఖాళీ. పక్కది కూడా ఖాళీయే. లోపలి మందులన్నీ ఎప్పుడో ఐసీయూకి పోయాయి, పెట్టెలను చూపించడానికి ఉంచారు. మా ఆసుపత్రి బుద్ధి అంతా ఆ ట్రేలో ఉంది.

అప్పటికే డాంగ్ అమ్మాయి వార్డులో లేదు. నేను గ్లూకోజ్ అన్న మాట వినగానే, ట్రే సంగతి తెలిసిన మనిషి కాబట్టి ట్రే వైపు చూడకుండా మెట్ల మీదుగా కింద ఐసీయూకి పరుగెత్తింది. ఆమెను ఎవరూ ప్రశ్నలడగలేదు, ఆమె జవాబులేమీ చెప్పలేదు. నేను అతన్ని పక్కకు తిప్పి నోట్లో నురగ తుడుస్తున్నాను. చెయ్యి కొట్టుకోవడం మొదలైంది. పట్టుకోమంటే ఆ పిల్ల పట్టుకుంది, ఏడుస్తూ పట్టుకుంది, కానీ వదల్లేదు. మిగతా పిల్లలు గోడకు అతుక్కుపోయారు. రోజూ నన్ను దబాయించే మా యజమాని ఫోను తీసి ఎవరికి చేయాలో తెలియక మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు ప్రిన్సిపాల్ చేసిన పని నేను చచ్చేదాకా మర్చిపోను. గొంతు సవరించుకుని, పెద్దల వైపు తిరిగి ఇంగ్లిష్‌లో అంది, “సార్, మా విద్యార్థులకు ఎమర్జెన్సీ శిక్షణ ఎలా ఇస్తామో చూపిస్తున్నాం.”

వాళ్లు నమ్మారు. నమ్మడం సుఖం కదా. ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని చూడటం మొదలుపెట్టారు. ఫోటోగ్రాఫరు ముందుకు వచ్చి ఫ్లాష్ కొట్టాడు.

డాంగ్ అమ్మాయి సిరంజీలతో తిరిగొచ్చింది. మోచేతి మడతలో నరం ఆమే వెతికింది, నేను మందు ఎక్కించాను. ఒకటి అయింది. కదలిక ఆగింది కానీ కళ్లు తెరవలేదు. రెండోది సగం అయ్యేసరికి మొహంలోకి రంగు తిరిగింది. కళ్లు తెరిచి పైన ఫ్యాను చూశాడు, నన్ను చూశాడు.

“షిఫ్టు అయిపాయెనా అక్కా?” అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు వచ్చిన మేడమ్ వంగి, మీకు ఎలా ఉంది, ఏం జబ్బు అని హిందీలో ఆప్యాయంగా అడిగింది. చావు గడప దాకా పోయి వచ్చిన మనిషి, తీసుకునే కూలికి ద్రోహం చేయని మనిషి, వణుకుతున్న చేతులు జోడించి, నేర్పిన మాట నేర్పినట్టు చెప్పాడు. శక్కర్ బీమారీ ఉంది మేడమ్ సాబ్, ఐదేళ్ల నుంచి ఉంది.

ఇతను పేషెంటు కాదు, కూలికి తెచ్చిన సాంచాల మనిషి, జబ్బు లేని వాడికి ఈ పిల్ల చేత ఇన్సులిన్ పొడిపించారు అని నేను హిందీలో, గుజరాతీలో, నాకు వచ్చిన ఇంగ్లిష్‌లో చెప్పాను. వచ్చిన మేడమ్ నా మొహం చూసి, అతని జోడించిన చేతులు చూసి, సిస్టర్ బాగా అలిసిపోయినట్టుంది అంది. పేషెంటే ఒప్పుకుంటుంటే నర్సుకేం తెలుసు? అందరూ పక్క వార్డుకు నడిచారు.

కాలేజీకి అనుమతి వచ్చింది. ఎమర్జెన్సీ శిక్షణ మెచ్చుకోదగ్గదిగా ఉందని పొగిడారట కూడా. మరుసటి నెల నన్ను స్టోరుకు మార్చారు. దుప్పట్లు లెక్కపెట్టే పని. చదువుకోవడానికి బోలెడు తీరిక దొరికింది కాబట్టి వాళ్లు శిక్ష అనుకున్నది నాకు లైబ్రరీ అయింది. రిటైరయ్యే ముందు నర్సులు చాలక మళ్లీ వార్డుకు పిలిచారు. డాంగ్ అమ్మాయి అప్పటికే సర్కారు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది, మంచి నర్సులు మా దగ్గర ఎప్పుడూ నిలవలేదు. సూది పొడిచిన ఆ పిల్ల, నేను స్టోరుకు మారిన వారం రోజులకు అక్కడికి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. తాను ఏం తప్పు చేసిందో చెప్పమంది. ఆ కాలేజీ మొత్తంలో ఆ ప్రశ్న వేసింది ఆమె ఒక్కతే. షీట్ చదివే ముందు మొహం చూడలేదు, అంతే అన్నాను. ఆ తర్వాత సెలవు రోజుల్లో వచ్చి, వార్డులో ఇంకో పాత సిస్టర్ వెనకాల తిరిగి పని నేర్చుకుంది. కాలేజీ ఆమెకు నేర్పింది మాత్రం ఒక్కటే, సీలింగు చూస్తూ మాట్లాడటం.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఈ మధ్య మా గల్లీ చివరి ఇంటి అతను వచ్చాడు. జుట్టు నెరిసింది. ఇప్పటికీ సాంచాల పనే. పెద్దమ్మాయి నర్సింగు చదువుతానంటోందట.

“నువ్వు ఒద్దంటే ఒద్దంటనక్కా. కానీ పిల్ల ఇంటలేదు. జర నువ్వొచ్చి కాలేజీ చూడరాదు,” అన్నాడు.

చీరల దుకాణం పైన కాలేజీ ఇప్పుడు ఇంకో అంతస్తు పెరిగింది. వద్దని ముందే చెప్పాను. పిల్ల స్నేహితురాళ్లు అక్కడే చేరారు కాబట్టి కళ్లతో చూస్తే కానీ ఒప్పుకోనంది. ముగ్గురం లిఫ్టులో వెళ్లాం. కుర్చీలో ఉన్న కుర్రాడు ఫీజు కాగితం ఇచ్చాడు, హాస్టల్ గురించి చెప్పాడు. పిల్లలు వార్డులో ఎన్నాళ్లు పనిచేస్తారని నేను అడిగితే, ఆ భయం అక్కర్లేదు మాసీ, హాజరు మేం చూసుకుంటాం అన్నాడు.

పిల్ల తండ్రి మాత్రం మా మాటలు వినడం లేదు. గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అక్కడ అద్దం కట్టిన పెద్ద ఫోటో ఉంది. కిటికీ పక్క మంచం, వంగి ఉన్న నా వీపు, ఏడుస్తూ చెయ్యి పట్టుకున్న పిల్ల, వెనక చేతులు కట్టుకున్న పెద్దలు. మధ్యలో పక్కకు ఒరిగి అతను. కింద బంగారు రంగు అక్షరాల్లో, అత్యవసర సేవలో ప్రత్యక్ష శిక్షణ.

ఫోటోలో పడుకున్నదెవరని అతను హిందీలో అడిగాడు. కుర్రాడు తల ఎత్తకుండానే చెప్పాడు, అది మనిషి కాదు కాకా, పిల్లల ప్రాక్టీసు కోసం తెప్పించిన బొమ్మ, చాలా ఖరీదైనది, అచ్చం మనిషిలాగే ఉంటుంది అని.

అతను ఇంకాసేపు చూశాడు. అద్దం మీద, తలగడ దగ్గర తడిసిన చోట వేలు పెట్టాడు. తర్వాత కూతురి చెయ్యి పట్టుకుని తలుపు వైపు తిరిగి, నాకు మాత్రమే అర్థమయ్యేలా తెలుగులో అన్నాడు.

“బొమ్మకు గింత చెమట పడ్తదా అక్కా?”